మంచె మీది గొంతు

మా తమ్ముడు దైవాధీనం గొంతు పోయింది వాడు చనిపోయిన రోజున కాదు. అంతకు ముందు వానాకాలంలో, విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో పోయింది. ఆపరేషన్‌కి తీసుకువెళ్తుంటే చక్రాల మంచం మీద నుంచి తల తిప్పి నాతో ఏదో అన్నాడు. సరిగ్గా అప్పుడే ఎవరి చేతిలోంచో ఇనుప ట్రే జారి కింద పడింది. ఏమన్నావురా అని అడగబోయేలోగా తలుపులు మూసుకున్నాయి. బయటికి వచ్చిన మనిషికి స్వరపేటిక లేదు. మెడ కింద చిన్న కన్నం, దాని మీద గాజుగుడ్డ. కాస్త తేరుకున్నాక మా బడి నుంచి తెచ్చిన పలక చేతికిచ్చి, ఆ రోజు ఏమన్నావని అడిగాను. బలపంతో 'గుర్తులేదు' అని రాసి ముంజేతితో తుడిచేశాడు. మనిషి పోవడానికి ఇంకా ఏడాది పైన పట్టింది. కానీ వాడు ఎప్పుడు పోయాడని ఎవరైనా అడిగితే నా మనసులో ముందు మెదిలేది ఆ రోజే.

ఇనుము చప్పుడైతే ఇప్పటికీ అటు తిరుగుతాను. ఈ జీపు తలుపు సరిగ్గా పడదు. డ్రైవరు గంగరాజు దానికి కొబ్బరితాడు కట్టి లోపలి కడ్డీకి ముడి వేశాడు. గాలి వచ్చినప్పుడల్లా కొట్టుకుంటోంది. ముంచింగిపుట్టు దాటి వచ్చాక రోడ్డు ఇక్కడితో ఆగిపోయింది. మొన్నటి వానలకు కొండ జారి, ఎర్రమట్టీ బండలూ అడ్డంగా పడి ఉన్నాయి. ఇక్కడి నుంచి పైన గాసి మామ అనే పెద్దాయన ఊరికి కాలిబాటే. మా తమ్ముడి అభిమానులు డాలీ, సర్వేశ్వరరావు గారు, దారి చూపడానికి వచ్చిన ఆ ఊరి బుధుతో కలిసి పైకి వెళ్ళారు. నా మోకాలు ఎక్కనివ్వదు. అందుకని ఉండిపోయాను. వాళ్ళు వెళ్ళింది ఒక క్యాసెట్ కోసం. మా తమ్ముడు పదిహేడేళ్ళ వయసులో, మా చర్చిలో, మొట్టమొదట పాడి రికార్డు చేసిన పాట అందులో ఉంది. దాన్ని బాగుచేయించి అందరికీ వినిపించాలని వాళ్ళ ఆశ. నాకు కావలసింది ఆ పాట కాదు. పాటకి ముందు ఒక్క మాట ఉంది. ఆ మాట సంగతి వాళ్ళకి చెప్పలేదు.

"టీచరమ్మా, ఆ లావుపాటాయన కొండెక్కుతాడంటారా?" అన్నాడు గంగరాజు, బానెట్ మీద కూర్చుని. ఎక్కుతారన్నాను. "పుర్రె బొమ్మ సొక్కా ఒకటి. దారిలో ఎలుగొస్తే అదే జడుసుకొని దిగిపోద్ది." నాకు నవ్వు వచ్చి ఉండవలసింది. రాలేదని అతనూ గమనించాడేమో, చేతిలోని కర్రపుల్లతో టైరుకి అంటిన మట్టి గీకడం మొదలుపెట్టాడు. ఎదురుగా వాలులో వలిసెపూలు పూసి ఉన్నాయి. ఇంత పసుపు మీద మబ్బు నీడ పడితే పాతగోడకి వేసిన సున్నంలా వెలిసిపోతుంది. అరకు దగ్గరైతే ఈ పూలలో నిలబడి ఫోటోలు తీసుకోవడానికి కార్లు ఆగుతాయి. ఇక్కడికి ఎవరూ రారు. నిన్న నల్లబట్టల్లో వచ్చిన వాడి అభిమానులు కూడా అరకు దగ్గర రోడ్డు పక్క కారు ఆపి ఆ పూలలో ఫోటోలు దిగి వచ్చారట. తప్పేముంది. చావు కూడికకి వచ్చినవాళ్ళు పూలు చూడకూడదని లేదు.

నిన్నటికి వాడు పోయి ఏడాది. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. విశాఖ నుంచి, బరంపురం నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వాడి అభిమానులు వచ్చారు. మా వాళ్ళంతా తెల్లబట్టల్లో ఒక పక్క, వాళ్ళంతా నల్ల చొక్కాల్లో ఒక పక్క. చొక్కాల మీద వాడి బృందం పేరు, 'కొండచరియ', పగిలిన రాయిలాంటి అక్షరాలతో. హెవీ మెటల్ అంటే ఏమిటో మా సంఘంలో ఎవరికీ తెలియదు. గొంతు చీల్చుకుని అరిచే పాట అని మాత్రం తెలుసు. మా పిన్ని బేబి నా చెవి దగ్గరకి వచ్చి, "ఒక్క తెల్లసొక్కా కూడా లేదేటే ఈ గుంటలకి?" అంది. నేను చెప్పేలోపే అమ్మ అందుకుంది. "ఆడెప్పుడైనా ఏసుకున్నాడేటి తెల్లసొక్కా?" అమ్మకి వినికిడి తగ్గింది కానీ పెదవులు చూసి పట్టేస్తుంది. తరవాత సమాధి దగ్గర వాళ్ళు వాడి పాట ఒకటి అందుకున్నారు. డాలీ ముందు నిలబడి పాడింది. సన్నటి పిల్ల, ముక్కుపుడక, నోరు తెరిస్తే బండలు దొర్లుతున్నట్టు వచ్చింది. గేటు దగ్గర కుక్కలు లేచిపోయాయి. అమ్మ మెల్లగా వెళ్ళి ఆ పిల్ల వీపు మీద అరచెయ్యి ఆనించి, పాట అయ్యేదాకా తియ్యలేదు. "ఇది కడుపులోంచి పాడతంది. ఆడిలాగే," అంది నాతో, బడిలో మార్కులు చెప్పినట్టు.

అమ్మకి అలా చెయ్యి ఆనిస్తే చాలు. నాకు చాలదు. ఎందుకు చాలదో ఎవరికైనా చెప్పాలంటే సిగ్గుగా ఉంటుంది. వాడి మామూలు గొంతు నాకు గుర్తు రావడం లేదు. అరుపు గుర్తుంది, ఎవరికి గుర్తుండదు, డాలీ ఫోన్‌లో నలభై పాటలున్నాయి. ఇంటర్వ్యూలున్నాయి, అన్నీ ఇంగ్లీషులో. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు వాడు కొంచెం ముక్కుతో మాట్లాడతాడు, అది మా ఇంటి గొంతు కాదు. వారం వారం ఫోన్ చేసేవాడు. ఏటి సేత్తన్నావు, అమ్మ తిన్నాదా, మోకాలెలాగుంది. మాటలన్నీ ఉన్నాయి. కాయితం మీద అచ్చయినట్టు ఉన్నాయి. గొంతు లేదు. పలక రోజుల్లో ఒకసారి రాశాడు: 'నా గొంతు గుర్తుందా నీకు?' తల ఊపాను. వాడు నవ్వాడు. ఆ కన్నంలోంచి గాలి మాత్రం వచ్చింది. గొంతు పాడటం వల్ల పోలేదని డాక్టరు చెప్పాడు, పొగాకు వల్లనని. అమ్మ ఇప్పటికీ నమ్మదు. దేవుడిచ్చిన దాన్ని చింపుకున్నాడు అంటుంది. అని, ఆ పాటలకి వచ్చిన పిల్లలందరికీ దగ్గరుండి అన్నం పెట్టిస్తుంది.

తలుపు మళ్ళీ కొట్టుకుంది. తాడు ముడి విప్పి బిగించాను. బిగించినా అంతే. ఆ పాట రికార్డు చేసిన రోజు చర్చి తలుపు కూడా ఇలాగే కొట్టుకుంది. నేను టీచరు ట్రైనింగ్‌లో ఉండి సెలవులకి ఇంటికి వచ్చాను. చర్చి ఉపదేశి అయిన మా నాన్న లాజరస్ కొయ్యూరు వెళ్ళాడు. దైవాధీనం ఎవరిదో గిటారు అరువు తెచ్చి చర్చి మైకుసెట్టుకి తగిలించాడు. వేదిక కింద నాన్న టేపురికార్డరు, పక్కన నాన్న క్యాసెట్ల పెట్టె. నాన్నకి అప్పట్లో కొండల మీద చాలా ఊళ్ళుండేవి, ఆదివారానికి ఒక్కచోటే ఉండగలడు. అందుకని ప్రసంగం టేపు మీద చెప్పి, సంతకి వచ్చిన వాళ్ళ సంచుల్లో ఒక్కో ఊరికి ఒక్కో క్యాసెట్ పంపేవాడు. ఆదివారం పెద్దమనిషి దాన్ని మధ్యలో పెట్టి బొత్తం నొక్కితే అందరూ కూర్చుని వినేవారు. మళ్ళీ సంతకి క్యాసెట్ తిరిగి వచ్చేది. దాని మీదే కొత్త ప్రసంగం. అలా ఎన్ని ప్రసంగాలు చెరిగిపోయాయో. వాడు ఆ పెట్టెలోంచి ఒకటి తీశాడు. నేను బల్ల మీద కూర్చుని మల్లె అంటు కుండీలో మట్టి సర్దుతున్నాను. కాదు, అది ఇంకో రోజు. ఆ రోజు ఏం చేస్తున్నానో గుర్తు లేదు. వాడు బొత్తం నొక్కాడు, టేపు తిరగడం మొదలైంది, గాలికి తలుపు కొట్టుకుంది. వాడు నా వైపు తిరిగి అన్నాడు: "అక్కా, తలుపెయ్యే. గాలొత్తంది." నేను వేశాను. తరవాత అరిచాడు. మాటలు నాన్నవే, వానలు లేని ఏడు చెప్పిన ప్రసంగంలోవి. ఎండిన కొండ నోరు తెరిచింది అనే మాట ఒకటి ఉంది. నాన్న దాన్ని మెల్లగా, కళ్ళద్దాలు తుడుచుకుంటూ చెప్పేవాడు. వీడు చెబుతుంటే కొండ నిజంగానే నోరు తెరిచినట్టుంది. నాకు భయం వేసింది. చెవులు మూసుకోలేదు.

అదే క్యాసెట్ గాసి మామ సంచిలో వెళ్ళిపోయింది. నాన్న తిరిగి వచ్చి, పెట్టెలో ఉన్నవన్నీ తను చెప్పిన ప్రసంగాలే అనుకుని పంచేశాడు. తరవాతి సంతకి గాసి మామ క్యాసెట్ తేలేదు. తేనె సీసా తెచ్చాడు. నేను పక్కనే ఉన్నాను. "అయ్యగారూ, గొంతు మరీ సెడిపోయిందే. పడుకునేముందు ఇది నాకండి. మాట మట్టుకు బాగుంది," అన్నాడు. నాన్నకి అర్థం కాక, పుచ్చుకుని, వందనాలు చెప్పాడు. ఇంటికొచ్చి చెబితే దైవాధీనం నేల మీద పడి దొర్లాడు. అప్పుడు బయటపడింది.  మళ్ళీ సంతలో నాన్న గాసి మామని ఒక్కటే అడిగాడు: "చివరిదాకా కూర్చున్నారా?" కూకున్నాం అన్నాడు మామ. ఆమేను కూడా అన్నాం అన్నాడు. నాన్న ఇంటికి వస్తూ దారిలో అన్నాడు, "నేను చెబితే సగంమంది నిద్రపోతారే, ఏంజెలినూ." కొడుకుని ఒక్క మాట అనలేదు. క్యాసెట్ తిరిగి రాలేదు. ఒక సాయంత్రం మంచె మీద ఎవరో ఊరికే ఆ టేపు పెడితే ఆ రాత్రి చోడి, అంటే రాగి, చేలోకి అడవిపందులు రాలేదట. అప్పటి నుంచి కోతల దాకా పొద్దుగూకాక ఖాళీ నూనెడబ్బాలో రికార్డరు పెట్టి ఆ టేపు వేస్తారు. వాళ్ళకి పనికొస్తే ఉండనీ అన్నాడు నాన్న. రికార్డర్లు మారాయి, టేపు తెగితే అతికించారు, పంట ఇంటికి చేరాక గుడ్డలో చుట్టి చూరులో దాస్తారని బుధు చెప్పాడు. అభిమానులు ఈ టేపుని 'ప్రసంగం' అంటారు. ఉందని కొందరు, లేదని కొందరు ఇన్నేళ్ళుగా ఫోన్లలో కొట్టుకుంటున్నారట. విశాఖలో షెడ్డు గోడలకి గుడ్ల అట్టలు అంటించి చేసిన రికార్డింగులే మొదటివని వాదించేవారట సర్వేశ్వరరావు గారు. ఇవాళ ఓడిపోవడానికి స్వయంగా కొండెక్కారు.

ఆయన రైల్వేలో పనిచేస్తారు. పొద్దున్న జీపులో నా పక్కన కూర్చుని, అడగకుండానే చెప్పారు. "మా నాన్న చనిపోయిన నెల అది మేడమ్. పెద్దకొడుకువి, నువ్వే ఏడిస్తే ఎలా అని ఇంట్లో ఏడవనిచ్చేవారు కాదు. ఒక సాయంత్రం కాలేజీ మైదానం పక్కనుంచి వెళ్తుంటే మీ తమ్ముడు అరుస్తున్నాడు. వెళ్ళి నేనూ అరిచాను. అందరూ అరుస్తున్నారు కదా, నన్నెవరూ చూడలేదు. ఇంటికెళ్ళి పడుకుంటే నిద్ర పట్టింది." నేను అవునా అన్నాను. ఇంకేదైనా అనవలసింది. బడిలో పిల్లలకి పరామర్శ లేఖ రాయడం నేర్పుతాను, ఎనిమిదో తరగతి. మీ దుఃఖంలో పాలుపంచుకుంటున్నాను. మా ఇంటికి వచ్చినవాళ్ళంతా అదే అన్నారు, ఎవరూ పంచుకుపోలేదు, అంతా ఇక్కడే ఉంది. ఇంత అలసట దుఃఖమేనా లేక నిన్నటి వంటల వల్లనా. రెండు కళ్ళూ మూసుకుంటే జీపు కదులుతున్నట్టే ఉంటుంది.

నాన్న నడిచేవాడు. ప్రసంగాలకి టేపు పంపేవాడు కానీ చావు కబురుకి తనే వెళ్ళేవాడు. గాసి మామ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. చావు కబురు చనిపోయినవాళ్ళ ఇంటి మనిషే తేవాలి. వచ్చి, నీళ్ళు తాగకుండా కూర్చుని, తన నోటితో చెప్పాలి. ఇంకెవరు చెప్పినా వాళ్ళు విననట్టే. వినకపోతే ఏడవరు, కర్మ చెయ్యరు, ఆ మనిషి ఉన్నట్టే మాట్లాడతారు. సీతంపేటలో మా పెదనాన్న పోతే, ఆయనకి గాసి మామ ఊళ్ళో ఇద్దరే స్నేహితులు, అయినా నాన్న జ్వరంతోనే ఎక్కాడు. నాన్న పోయినప్పుడు దైవాధీనం ఎక్కాడు. మెళ్ళో గొలుసులు, పొడుగుజుట్టు, అదే నల్ల చొక్కా. వెళ్ళి కూర్చుంటే గాసి మామ మంచినీళ్ళిచ్చాడట, వీడు ముట్టుకోలేదట, అంతే, మామ లేచి గోడవైపు తిరిగాడట. నాకు చెబుతూ వాడు, "మాటనక్కర్లేకపోయిందే అక్కా. అయినా సెప్పాను. సెప్పాలి కదా," అన్నాడు. ఈ మాటా ఉంది. గొంతు లేదు. వాడి ఆపరేషన్ సంగతి సంతలో బుధుతో నేనే చెప్పాను, గొంతు బాగోలేదని. తరవాత గాసి మామ దగ్గర నుంచి తేనె వచ్చింది. వాడికి మింగుడుపడని రోజుల్లో వేలితో పెదవులకి రాసేదాన్ని. మరి వాడు పోయాక ఈ కొండ ఎవరు ఎక్కారు? అమ్మ ఎక్కలేదు. ఇంట్లో ఇంకెవరున్నారు? బుధుకి తెలుసు, అప్పుడు శవపేటికకి భుజం పట్టాడు, నిన్న కూడికకీ వచ్చాడు. బుధు మా ఇంటి మనిషి కాదు.

"వత్తన్నారు," అన్నాడు గంగరాజు, దిగి నిలబడి. పొద్దు కొండ వెనక్కి వెళ్ళిపోయింది. డాలీ ముందు దిగింది, మోకాళ్ళ దాకా మట్టి. వెనక సర్వేశ్వరరావు గారు బుధు భుజం పట్టుకుని, పడినట్టున్నారు, పుర్రె బొమ్మ ఎర్రగా అయిపోయింది. "మట్టిలో ముంచి తెచ్చావేటి బుధూ ఈయన్ని?" అన్నాడు గంగరాజు. ఎవరూ నవ్వలేదు. డాలీ చేతిలో క్యాసెట్ లేదు. మూతకి గుడ్డ కట్టిన సీసా ఉంది. నా ఒళ్ళో పెట్టింది.

"ఇవ్వలేదు టీచర్. చూపించారు. పట్టుకోనిచ్చారు కూడా. చేను కోసేదాకా ఇవ్వనన్నారు."

"కోశాక ఇస్తారటా?"

డాలీ బుధు వైపు చూసింది. బుధు చూపు నేల మీద ఉంది. "కోసినాక పాడిన గుంటణ్ణే రమ్మను, ఆడి సేతికే ఇత్తాను అన్నాడమ్మా. ఇదేమో గొంతుకి. ముసిలోడే చెట్టెక్కించి తీయించాడు."

"నువ్వు చెప్పలేదా బుధూ?"

"నేనెలా సెప్తాను టీచరమ్మా? నేను మీ ఇంటోణ్ణి కాదు కదా." కాలికంటిన ఎర్రమట్టి బండకి రాస్తూ, "ఆడికి తెలీదని నేననను. ఏడాదై సంతకి దిగలేదు, నన్నేటీ అడగలేదు. గానీ సెప్పలేదు కదా ఎవులూ," అన్నాడు. డాలీ జీపు మెట్టు మీద కూర్చుంది. "నేను చెబుదామనుకున్నాను టీచర్. మంచినీళ్ళిచ్చారు. దాహమేసి తాగేశాను. తరవాత బుధు గారు చెప్పారు, తాగాక చెప్పకూడదని, అసలు ఇంటి మనిషే చెప్పాలని." ఆ పిల్ల గొంతు మామూలుగా మాట్లాడితే ఎంత చిన్నదో.

ఎవరి తప్పూ లేదని అన్నాను. ఎక్కండి, చీకటి పడుతుందన్నాను. గంగరాజు ఇంజను వేశాడు. కొంచెం ముందుకీ వెనక్కీ జరిపి బండి తిప్పుతుంటే పైనుంచి ఏదో వచ్చింది. మొదట జారే మట్టి అనుకున్నాను. ఆపమన్నాను. ఆపాడు. డబ్బాలోంచి వస్తున్నట్టు, సగం గాలికి పోతూ, సగం మా మీద పడుతూ మా తమ్ముడి గొంతు చేల మీదుగా దిగి వచ్చింది. పదిహేడేళ్ళ గొంతు. టేపు సాగిపోయి ఇంకా లావుగా ఉంది. సర్వేశ్వరరావు గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. డాలీ ఫోన్ తీసింది కానీ రికార్డు చెయ్యలేదు, అలా పట్టుకునే ఉంది. ఎండిన కొండ నోరు తెరిచింది అన్న చోట నా పెదవులు కదిలాయి. నాన్న మాటలు. గంగరాజు టోపీ తీశాడు. ఎందుకో అతనికే తెలియదు. అరుపు ఎక్కడికక్కడ తెగి, అతికి, చివరికి ఆగింది. కీచురాళ్ళు మళ్ళీ మొదలయ్యాయి.

ముందున్న మాట వినపడలేదు. వినపడదు. మామూలు గొంతుతో అన్న మాట ఇంత దూరం రాదు. మంచె కింద కూర్చున్నవాళ్ళకే వస్తుంది. ఇన్నేళ్ళుగా ప్రతి పంటకీ వాడు అక్కా తలుపెయ్యే అంటుంటే గాసి మామ విన్నాడు. నేను వినలేదు.

జీపు కదిలింది. తాడు పట్టుకుని తలుపు నా వైపు లాక్కుని కూర్చున్నాను. తేనె సీసా ఒళ్ళో ఉంది. దైవాధీనం చనిపోయాడని గాసి మామకి నేను ఇంకా చెప్పలేదు.